పబ్లిక్ స్విమ్మింగ్ పూల్‌లో రక్షణ సామగ్రి, హెచ్చరిక బోర్డులు: ఏది ఎక్కడ, ఎలా పెట్టాలి

"పూల్ రెడీ అయింది. నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే రింగు కొన్నాం, బోర్డులు రాయించాం. ఇంకేం కావాలి?" అని అడిగేవాళ్లకు నేను ఎదురు ప్రశ్న వేస్తుంటాను. రింగు ఎక్కడ తగిలించారు? అక్కడినుంచి లోతు వైపు చివరికి ఎన్ని అంగలు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. సామాను ఉండటం ఒక ఎత్తు, గాభరా పడుతున్న మనిషి చేతికి అది 20 సెకన్లలో అందడం మరో ఎత్తు. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండో దాని గురించే.

కొలతల సంగతి ముందే చెప్పేస్తాను. కింద ఇచ్చినవి చాలాచోట్ల వాడుకలో ఉన్నవి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2014లో తొలిసారి విడుదల చేసిన మోడల్ ఆక్వాటిక్ హెల్త్ కోడ్‌లో ఇలాంటివే కనిపిస్తాయి. మీ దగ్గర స్థానిక నిబంధన ఇంతకంటే కఠినంగా ఉంటే దాన్నే పాటించండి. సడలింపు ఉంది కదా అని తగ్గించుకోవద్దు.

1. కొనేముందు గట్టు చుట్టూ తిరగండి

టేపు, సుద్దముక్క, ఒక పెద్ద కాగితం తీసుకోండి. కాగితం మీద పూల్ ఆకారం గీయండి. మెట్లు, నిచ్చెనలు, గేట్లు, డ్రెయిన్లు, పంపు స్విచ్, కరెంటు పాయింట్లు అన్నీ అందులో పెట్టండి.

తర్వాత లోతు కొలవండి. మామూలుగా నడిచే నీటిమట్టం నుంచి అడుగు వరకు కొలవాలి, గట్టు అంచు నుంచి కాదు. గట్టు నుంచి కొలిస్తే అరడుగు అదనంగా కలుస్తుంది, ఆ తప్పు లెక్కే బోర్డుల్లోకి ఎక్కుతుంది. మీటరుకో కొలత చొప్పున రెండు పక్కలా తీయండి. అడుగుభాగం వాలు ఎక్కడ మొదలవుతోందో, లోతు ఎక్కడ 5 అడుగులు దాటుతోందో సుద్దతో గీత గీయండి. మిగతా పనంతా ఈ గీత చుట్టూనే తిరుగుతుంది.

ఆఖరున లైఫ్‌గార్డ్ కుర్చీలో కూర్చోండి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి. ఎండ నీళ్లమీద పడి మెరిసే వేళ పూల్‌లో సగం భాగం అడుగు కనబడకపోవచ్చు. కుర్చీ జరపాలా, రెండో కుర్చీ వేయాలా అన్నది అప్పుడే తేలుతుంది.

తీసుకెళ్లాల్సినవి, రాసుకోవాల్సినవి:

☐ టేపు, సుద్ద, పూల్ బొమ్మ
☐ ప్రతి మీటరుకూ లోతు
☐ వాలు మొదలు, 5 అడుగుల గీత
☐ కుర్చీ నుంచి కనిపించని మూలలు, ఏ వేళలో కనిపించలేదో
☐ గేటు నుంచి పూల్ వరకు స్ట్రెచర్ పట్టే దారి

2. లోతు గుర్తులు

ముందు అంకెలు వేయించండి, బోర్డులు తర్వాత. బోర్డు చదవనివాడు కూడా కాళ్లకింద అంకె చూస్తాడు.

గుర్తులు రెండుచోట్ల ఉండాలి: నీటిమట్టానికి పైన పూల్ గోడ మీద, గట్టు అంచు నుంచి 45 సెం.మీ. లోపల నేల మీద. అంకె ఎత్తు కనీసం 10 సెం.మీ. ఒక గుర్తుకూ మరో గుర్తుకూ మధ్య 25 అడుగులు, అంటే దాదాపు 7.5 మీటర్లు దాటకూడదు. దూరంతో పని లేకుండా వాలు మొదలయ్యేచోట, 5 అడుగులు దాటేచోట, అన్నిటికంటే లోతైనచోట తప్పకుండా ఉండాలి. ఒక పక్క వేసినవే ఎదురు పక్కా వేయాలి.

నేలమీది అంకె నీళ్లవైపు తిరిగి నిలబడ్డ మనిషికి సూటిగా కనబడాలి. గోడమీది అంకె నీళ్లలో ఉన్నవాడికి కనబడాలి. తాపీవాళ్లకు ఇది విడమరిచి చెప్పకపోతే తలకిందులుగా అతికిస్తారు. మళ్లీ పగలగొట్టించడం పెద్ద పని.

ఉత్త "5" అని వేయొద్దు. 5 అడుగులా, మీటర్లా? "5 అడుగులు / 1.5 మీ." అని రెండూ రాయించండి. లేత నేలమీద ముదురు రంగు, ముదురు నేలమీద లేత రంగు. నేలమీది గుర్తు జారని టైలులో ఉండాలి, నున్నటి సిరామిక్ తడిస్తే అదే ఒక ప్రమాదం.

ఒక పూల్‌లో నేను చూసిన సంగతి. గట్టు మీది "8" అంకెకు ఎడమ పక్క రంగు అరిగిపోయింది. నిలబడి చూస్తే అచ్చం "3". అడుగున ఉన్నది 8 అడుగుల నీళ్లు. రోజూ దానిమీదుగా నడిచే సిబ్బందిలో ఒక్కరి కంటా అది పడలేదు, ఎందుకంటే అది 8 అని వాళ్లకు ముందే తెలుసు. అందుకే నెలకోసారి గుర్తులు చదివే పని కొత్త మనిషికి అప్పగించండి.

5 అడుగులకంటే తక్కువ లోతున్న చోటల్లా అంకె పక్కనే, తలకిందులుగా దూకే మనిషి బొమ్మమీద ఎర్ర అడ్డగీత ఉన్న గుర్తు వేయాలి. తక్కువ నీళ్లలో తల ముందు పెట్టి దూకితే మెడ ఎముక విరుగుతుంది. దూకినవాడు ఈతగాడా కాదా అన్నదానితో దీనికి సంబంధం లేదు.

3. అడ్డుతాడు

తేలే పూసలున్న తాడు, వాలు మొదలయ్యే గీతకు ఒక అడుగు ముందే, తక్కువ లోతు వైపు కట్టాలి. సరిగ్గా గీతమీద కడితే తాడు పట్టుకునేసరికి కాలికింద నేల జారిపోయి ఉంటుంది.

బిగువు పరీక్ష సులువు. ఒక పెద్దమనిషిని తాడు మీద బరువు వేసి వేలాడమనండి. తాడు నీళ్లలోకి మునిగిపోతే వదులుగా ఉన్నట్టే. కొక్కేలు గోడలోకి దిగి ఉండాలి, బయటికి పొడుచుకొచ్చి ఉండకూడదు.

ఎక్కువగా జరిగే తప్పు: పొద్దున ల్యాప్స్ కొట్టేవాళ్ల కోసం తాడు విప్పుతారు, పిల్లల బ్యాచ్ వచ్చేసరికి కట్టడం మరచిపోతారు. దీనికి మందు ఒకటే. విప్పినవాడే సంతకం పెట్టి, కట్టాక మళ్లీ సంతకం పెట్టాలి.

4. కాపాడే సామగ్రి

*లైఫ్ రింగు.* బయటి వ్యాసం కనీసం 45 సెం.మీ. దానికి 6 మి.మీ. మందం తాడు. తాడు పొడవు పూల్ వెడల్పుకు ఒకటిన్నర రెట్లు లేదా 15 మీటర్లు, ఏది తక్కువైతే అది. తాడు పాలీప్రొపిలీన్‌దైతే నీళ్లమీద తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. మునిగే తాడు కాళ్లకు చుట్టుకుంటుంది కాబట్టి తేలేదే కొనండి. అయితే పాలీప్రొపిలీన్ ఎండకు చివికిపోతుంది. తాడును వేళ్లమధ్య వంచి నలపండి. తెల్లటి పొడి రాలితే, నూగు పీచు లేస్తే, అదే రోజు మార్చేయండి.

విసిరే పద్ధతి అందరికీ నేర్పాలి. తాడు కొసను కాలికింద తొక్కిపట్టండి, మణికట్టుకు కట్టుకోవద్దు. రింగును మనిషిమీదికి కాకుండా ఆవలికి, అతని భుజం దాటేలా విసరండి. తర్వాత తాడు లాగుతూ అతని చేతిలోకి తెండి. నెత్తిన పడితే కాపాడబోయి దెబ్బ కొట్టినవాళ్లమవుతాం.

*కొంకి కర్ర.* 12 నుంచి 16 అడుగుల పొడవున్న గట్టి కర్ర, చివర పెద్ద వంకీ. వంకీ కొస మొద్దుగా ఉండాలి, బోల్టుతో బిగించి ఉండాలి. మడిచి పొడిగించే రకం కొనొద్దు. మనిషి బరువు పడగానే అది ఊడి రెండు ముక్కలవుతుంది. ఆకులు తీసే వల కర్రను చూపించి "ఇదుంది కదా" అనేవాళ్లున్నారు. దానికీ దీనికీ పోలిక లేదు. వాడేవాడు కాళ్లు ఎడంగా పెట్టి వంగాలి, లేదా గట్టుమీద బోర్లా పడుకోవాలి. నిటారుగా నిలబడితే తానే నీళ్లలోకి పోతాడు.

*రెస్క్యూ ట్యూబు.* మునుగుతున్నవాళ్లకు అందించే, పట్టీ ఉన్న పొడవాటి తేలే ట్యూబు. డ్యూటీలో ఉన్న ప్రతి లైఫ్‌గార్డ్‌కూ ఒకటి. కుర్చీకి తగిలించి ఉండటం కాదు, పట్టీ అతని భుజాన ఉండాలి. మిగులు పట్టీ చేతిలో పోగేసి పట్టుకోవాలి, లేకపోతే దూకేటప్పుడు కుర్చీ కాలికి చిక్కుకుంటుంది.

*వెన్నెముక బోర్డు.* మెడ, వెన్ను దెబ్బతిన్నవాళ్లను కదలకుండా మోసే పలక. తల కదలకుండా పట్టే దిమ్మెలు, పట్టీలు సహా. దీన్ని స్టోర్ గదిలో కుర్చీల వెనక దాచే అలవాటు ఎక్కడ చూసినా ఉంది. గట్టు పక్కనే గోడకు తగిలించండి.

*ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఊపిరి ఊదే మాస్కు, ఏఈడీ.* ఏఈడీ అంటే లయ తప్పిన గుండెకు ప్యాడ్ల ద్వారా షాక్ ఇచ్చే యంత్రం. మునిగిన మనిషి గుండె ఆగడానికి మొదటి కారణం ప్రాణవాయువు అందకపోవడం. అందుకే ఇక్కడ ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు. ముందు ఊపిరి ఊది, ఆ తర్వాత 30 నొక్కులకు 2 ఊపిరుల చొప్పున కొనసాగించాలి. మాస్కు ఏఈడీ పెట్టెలోనే ఉంటే మేలు. ప్యాడ్లు అతికించేముందు మనిషిని నీటి మడుగులోంచి పక్కకు లాగి ఛాతీ తుడవాలి. కాబట్టి ఆ పెట్టెలో ఒక పొడి తువ్వాలు కూడా పెట్టండి. ఏఈడీ తెచ్చేలోగా ఊపిరులు ఆపకూడదు. ఇదంతా శిక్షణ ఇప్పించాల్సిన పని, బోర్డు చదివి నేర్చుకునేది కాదు.

*ఫోను.* లాక్, కోడ్ అవసరం లేకుండా ఎవరైనా చేయగలిగేది. పక్కనే గోడమీద మూడు సంగతులు పెద్ద అక్షరాల్లో ఉండాలి: ఎమర్జెన్సీ నంబరు, పూల్ పూర్తి చిరునామా, అంబులెన్స్ రావాల్సిన గేటు పేరు. రోజూ వచ్చే ఉద్యోగి కూడా ఆ క్షణంలో చిరునామా మరచిపోతాడు.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. పెద్ద పూల్ అయితే రింగు, కొంకి కర్ర రెండు పక్కలా పెట్టండి. పొట్టివాళ్లకూ అందే ఎత్తులో తగిలించండి. కింద కుర్చీలు, చెప్పుల స్టాండు, పూలకుండీ రాకుండా నేలమీద పసుపు గళ్ల చట్రం గీయించండి.

దొంగలు ఎత్తుకుపోతున్నారని ఒకచోట రింగును గొలుసుతో కట్టి తాళం వేశారు. తాళంచెవి ఆఫీసు సొరుగులో ఉంది, సొరుగు చెవి మేనేజరు జేబులో ఉంది. దొంగభయం నిజమే, కాదనను. దానికి చేత్తో లాగితే తెగే సన్నటి ప్లాస్టిక్ సీలు వేయండి. సీలు తెగి ఉంటే ఎవరో తీశారని తెలుస్తుంది, అత్యవసరంలో అడ్డమూ రాదు.

5. డ్రెయిన్ మూతలు, పంపు స్విచ్

కంటికి కనిపించని ప్రమాదం ఇది, అందుకే నేను ఎక్కువ సమయం ఇక్కడే గడుపుతాను. అడుగున ఉన్న డ్రెయిన్ పంపు లాగుడుతో నీళ్లు పీలుస్తుంటుంది. మూత పగిలినా, ఊడినా ఆ లాగుడు జుట్టునో, చేతినో, పిల్లల ఒంటినో పట్టేస్తుంది. పెద్దవాళ్లు ఇద్దరు కలిసి లాగినా విడిపించలేకపోవచ్చు. దీనికోసమే అమెరికాలో 2007లో ప్రత్యేకంగా చట్టం చేశారు.

ఒక పంపుకు కనీసం రెండు డ్రెయిన్లు, వాటిమధ్య 90 సెం.మీ.కు తగ్గని దూరం ఉండాలి. ఒకదానిమీద మనిషి పడ్డా రెండోది నీళ్లు ఇస్తుంది, లాగుడు తగ్గుతుంది. మూత మనుషుల్ని పట్టని రకమై ఉండాలి. దానిమీద నీటి ప్రవాహ సామర్థ్యం, ఎన్నేళ్లు పనిచేస్తుందో అచ్చువేసి ఉంటుంది. ఆ సామర్థ్యం మీ పంపు లాగేదానికంటే తక్కువ కాకూడదు. పంపు మార్చి పెద్దది పెట్టినప్పుడు మూత సంగతి అందరూ మరచిపోతారు.

మూత బిగించిన తేదీ రిజిస్టర్లో రాయండి. స్క్రూలన్నీ ఉండాలి. నాలుగింట్లో మూడున్నాయని సరిపెట్టుకోవద్దు. మూత పగిలిందని తెలిస్తే పంపు ఆపి, జనాన్ని బయటికి పంపి, పూల్ మూసేయాలి. "ఈ బ్యాచ్ అయ్యాక చూద్దాం" అనే మాటకు తావివ్వకండి.

పంపును ఒక్క నొక్కుతో ఆపే ఎర్ర స్విచ్ గట్టు దగ్గరే ఉండాలి, పైన "పంపు ఆపు స్విచ్" అని బోర్డు. తాళం వేసిన పంపుగదిలో ఉంటే లేనట్టే.

గట్టుమీద నిలబడితే అడుగున డ్రెయిన్ స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే నీళ్లు మసకబారినట్టు, అంటే మునిగిన మనిషీ కనబడడు. ఆ రోజు పూల్ తెరవొద్దు.

6. కంచె, గేటు

కంచె ఎత్తు కనీసం 4 అడుగులు, కడ్డీల మధ్య సందు 10 సెం.మీ. లోపు. గేటు నీళ్లవైపు కాకుండా బయటివైపుకు తెరుచుకోవాలి, దానంతటదే మూసుకుని గడియ పడాలి. పరీక్ష: గేటును జానెడు మాత్రమే తెరిచి వదలండి. గడియ పడకపోతే స్ప్రింగు మార్చాలి. కంచె పక్కన కుర్చీ, డబ్బా, ఏసీ యూనిట్ ఉంటే పిల్లలకు నిచ్చెన అందించినట్టే.

7. బోర్డులు

రంగుల భాషను మార్చకండి. రక్షణ గుర్తుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7010 ప్రకారం ఎర్ర వలయం, అడ్డగీత అంటే చేయకూడదు. నీలి వలయం అంటే చేసితీరాలి. పసుపు త్రికోణం అంటే జాగ్రత్త. ఆకుపచ్చ చతురస్రం అంటే ఫస్ట్ ఎయిడ్, బయటికి దారి. గోడ రంగుకు మ్యాచ్ అవుతుందని నిషేధం గుర్తును లేత ఆకుపచ్చలో వేయించిన డెకరేటర్లను చూశాను. అందంగానే ఉంది, అర్థమే తారుమారైంది.

బోర్డులు మూడు చోట్లుగా పంచండి.

*ప్రవేశద్వారం దగ్గర:* వేళలు, ఒకేసారి ఎంతమంది దిగొచ్చు, స్నానం చేసి దిగాలి, విరేచనాలవుతుంటే దిగొద్దు, మద్యం తాగి రావొద్దు, గాజు సామాన్లు వద్దు. లైఫ్‌గార్డ్ లేని పూల్ అయితే ఆ సంగతి అన్నిటికంటే పెద్దగా. చాలాచోట్ల దానికి 10 సెం.మీ. అక్షరాలు అడుగుతారు.

*గట్టు మీద:* తలకిందులుగా దూకొద్దు, పరుగెత్తొద్దు, నీటి అడుగున ఊపిరి బిగబట్టే పోటీలు వద్దు. ఈ మూడోది బాగా ఈతొచ్చినవాళ్ల కోసం. ఊపిరి బిగబట్టి పందెం వేసేవాడు హెచ్చరిక లేకుండా స్పృహ తప్పుతాడు, చప్పుడు చేయకుండా అడుగుకు చేరతాడు.

*వస్తువు పక్కన:* రింగు, ఏఈడీ, ఫోను, పంపు స్విచ్, బయటి దారి.

వేడినీళ్ల తొట్టి ఉంటే దానికి వేరే బోర్డు. నీళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే దిగాలి. గోడ గడియారం అందులో కూర్చున్నవాళ్లకు కనబడాలి.

మాటల విషయానికొస్తే, మన బోర్డులు అర్జీల్లా ఉంటాయి. "పూల్ వినియోగదారులు తమ పిల్లల భద్రత దృష్ట్యా వారిని ఒంటరిగా విడిచిపెట్టరాదని విజ్ఞప్తి చేయడమైనది." ఇది చదివేలోపు పిల్లవాడు నీళ్లలో ఉంటాడు. "పిల్లలు మీ చేతికందే దూరంలో ఉండాలి" అని రాయండి. అలాగే "డైవింగ్ నిషేధం" అంటే కొందరు డైవింగ్ బోర్డు గురించి అనుకుంటారు. "తల ముందు పెట్టి దూకొద్దు. లోతు 4 అడుగులే" అంటే కారణం కూడా తెలిసిపోతుంది. బొమ్మ తప్పనిసరి, ఎందుకంటే చదువు రానివాళ్లూ, మన భాష రానివాళ్లూ దిగుతారు.

అన్నట్టు, "ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అనే బోర్డును రక్షణ బోర్డుల లెక్కలో కలపకండి. దాన్ని పట్టుకుని ఎవరూ తేలలేరు.

తగిలించేముందు చివరి పరీక్ష: చదవాల్సినచోట ఒకరిని కళ్లద్దాలు తీసి నిలబెట్టండి. చదవలేకపోతే అక్షరం పెంచండి, మాటలు తగ్గించండి.

8. కెమికల్స్, కరెంటు, ఉరుములు

క్లోరిన్, యాసిడ్ వేర్వేరు చోట్ల, వేర్వేరు కొలత మగ్గులతో. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. కెమికల్‌నే నీళ్లలో పోయాలి, కెమికల్ మీద నీళ్లు పోయకూడదు. కళ్లలో పడితే 15 నిమిషాలు కడిగే కుళాయి దగ్గర్లో ఉండాలి. గది తలుపుకు పసుపు త్రికోణం, "సిబ్బందికి మాత్రమే" బోర్డు.

ఫ్రీ క్లోరిన్ (నీళ్లలో ఇంకా పనిచేయడానికి మిగిలి ఉన్న క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 1 నుంచి 3. పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 7.2 నుంచి 7.8. ఆ రోజు రీడింగు జనానికి కనిపించే పలకమీద రాయండి. పూల్ దగ్గరి ప్లగ్గులన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి. ఉరుము వినబడితే అందరూ బయటికి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల వరకు దిగొద్దు.

9. తెరిచేముందు రోజూ

☐ అడుగున డ్రెయిన్ స్పష్టంగా కనిపిస్తోంది, మూత, స్క్రూలు సరిగా ఉన్నాయి
☐ రింగు, తాడు, సీలు. తాడు వదులుగా చుట్టి ఉంది, ముడి లేదు
☐ కొంకి కర్ర తన చోటే ఉంది, దానిమీద తువ్వాళ్లు ఆరేయలేదు
☐ అడ్డుతాడు కట్టి ఉంది
☐ ఏఈడీ దీపం పచ్చగా ఉంది, మాస్కు, తువ్వాలు ఉన్నాయి
☐ ఫోను నుంచి ఒక కాల్ చేసి చూశాం
☐ గేటు గడియ పడుతోంది
☐ లోతు అంకెలమీద చాప, కుర్చీ లేవు
☐ క్లోరిన్, పీహెచ్ రాశాం

10. చెప్పాపెట్టకుండా డ్రిల్

చెక్‌లిస్ట్‌లో టిక్కులు పెట్టడం చేతికి అలవాటైపోతుంది, అందుకని నెలకోసారి డ్రిల్ పెట్టండి. శిక్షణ బొమ్మను లోతు వైపు మెల్లగా అడుగుకు వదిలి గడియారం చూడండి. లైఫ్‌గార్డ్‌లకు చాలాచోట్ల నేర్పే లెక్క ఇది: తన భాగాన్ని 10 సెకన్లలో చూసి పసిగట్టాలి, మరో 20 సెకన్లలో అక్కడికి చేరాలి. మీ సెకన్లు రిజిస్టర్లో రాయండి.

ఎక్కువ పట్టితే మనిషిని తిట్టేముందు గట్టు చూడండి. కుర్చీకి ఎండ ఎదురా? దారిలో సోఫా ఉందా? తాడు ముడిపడిందా? చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది, అప్పుడు మొదటి అంశంలో గీసిన బొమ్మ తీసి ఆ వస్తువు చోటు మార్చండి.

ఒక్క డ్రిల్ మాత్రం లైఫ్‌గార్డ్‌లు లేకుండా చేయండి. టికెట్ కౌంటర్‌లో కూర్చునే వ్యక్తిని, ఊడ్చే అమ్మను పిలిచి "రింగు తీసి విసరండి" అనండి. రింగు ఎక్కడుందో వాళ్లు వెతుక్కుంటే, ఇంకా సరైన చోట తగిలించలేదన్నమాట.